సాక్ష్య చట్టం రాసిన స్టీఫెన్

ఉద్యోగ జీవితమంతా మనం రిజిస్టర్లు రాసినవాళ్ళమే. ఆ రాతను కోర్టువారు ఎందుకు నమ్ముతారన్నది మాత్రం సాధారణంగా ఎవరమూ ఆలోచించం. దానికి మన దేశంలో స్పష్టమైన రూపమిచ్చిన వ్యక్తి సర్ జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్. ఆయన జీవితం తెలుసుకోదగినది.

స్టీఫెన్ 1829 మార్చి 3న లండన్‌లో జన్మించారు. తండ్రి వలసల శాఖలో ఉన్నతాధికారి. బానిసత్వాన్ని రద్దు చేస్తూ 1833లో వచ్చిన చట్టం ముసాయిదా రాసింది ఆయనే. ప్రసిద్ధ నవలా రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ స్టీఫెన్‌కు స్వయానా తమ్ముడి కూతురు. ఈటన్‌లోను, కేంబ్రిడ్జిలోను చదివి 1854లో ఆయన బారిష్టరు అయ్యారు. ప్రాక్టీసు అంతంతమాత్రంగా ఉండడంతో పత్రికలకు విరివిగా వ్యాసాలు రాశారు.

1869లో వైస్రాయి కౌన్సిలులో న్యాయ సభ్యునిగా మన దేశానికి వచ్చారు. అప్పట్లో ప్రెసిడెన్సీ నగరాల హైకోర్టులు ఇంగ్లీషు నియమాలు పాటించేవి. మొఫస్సిలు కోర్టులకు మాత్రం సాక్ష్యం విషయమై సమగ్రమైన నియమావళి లేదు. అంతకు ముందు తయారైన ముసాయిదా ఈ దేశానికి సరిపడదని తేలడంతో స్టీఫెన్ మళ్ళీ మొదటినుంచి రాశారు. 167 సెక్షన్ల ఆ చట్టం 1872 సెప్టెంబరు 1న అమలులోకి వచ్చింది.

దాని మూలసూత్రం తేలికైనదే. వివాదంలో ఉన్న విషయానికి, దానితో సంబంధమున్నట్లు చట్టం చెప్పిన విషయాలకు మాత్రమే కోర్టులో చోటు. దొంగతనం కేసులో ముద్దాయి పారిపోయాడన్నది పనికి వస్తుంది. ఊళ్ళో అతనికి చెడ్డపేరుందన్నది సాధారణంగా పనికిరాదు. చూసిన సంగతి చూసినవాడే వచ్చి చెప్పాలి. పోలీసు అధికారి వద్ద నేరం ఒప్పుకున్నా ఆ ఒప్పుకోలు రుజువుగా చెల్లదు. ప్రభుత్వోద్యోగి విధి నిర్వహణలో రిజిస్టరులో రాసిన నమోదు చెల్లుతుంది. ఏడేళ్ళుగా జాడ తెలియని మనిషి బతికే ఉన్నాడని వాదించేవారే దాన్ని రుజువు చేయాలి. కుటుంబ పింఛను కోసం తిరిగిన ఇల్లాళ్ళకు ఈ చివరి నియమం విలువ బాగా తెలుసు.

చనిపోయిన మనిషి మాటకూ ఆయన చోటిచ్చారు. 1937 మార్చిలో పిఠాపురం దివాను కొలువులోని ఒక బంట్రోతు, తనకు రావలసిన డబ్బు కోసం బరంపురం వెళుతున్నానని భార్యతో చెప్పి బయలుదేరాడు. రెండు రోజుల తర్వాత పూరీ స్టేషనులో, రైలుపెట్టెలో ఉన్న ట్రంకుపెట్టెలో అతని శవం దొరికింది. ఆ ఇల్లాలు విన్న మాట సాక్ష్యంగా చెల్లుతుందని 1939లో పాకాల నారాయణస్వామి కేసులో ప్రీవీ కౌన్సిలు తీర్పు చెప్పింది. ఆ పేదవాడి చివరి మాట వృథా పోలేదు.

1872లో స్టీఫెన్ స్వదేశం వెళ్ళిపోయి, 1879లో హైకోర్టు జడ్జి అయ్యారు. ఆయన వృత్తి జీవితానికి మచ్చ తెచ్చింది 1889లో లివర్‌పూల్‌లో జరిగిన మేబ్రిక్ కేసు. భర్తకు పాషాణం పెట్టి చంపిందని ఫ్లోరెన్స్ మేబ్రిక్ అనే ఆమెపై అభియోగం. అప్పటికే స్టీఫెన్ ఆరోగ్యం దెబ్బతింది. జ్యూరీకి కేసు వివరిస్తూ ఆయన ఆమె శీలం మీద అంతగా దృష్టి పెట్టడం, వివరాలలో పొరబడడం తీవ్ర విమర్శలకు గురయ్యాయి. నాటి ఇంగ్లీషు చట్టం ప్రకారం ముద్దాయి ప్రమాణం చేసి సాక్ష్యం ఇచ్చుకునే వీలు కూడా లేదు. ఆమెకు పడిన మరణశిక్షను ప్రభుత్వం యావజ్జీవ శిక్షగా మార్చింది. ఆమె 1904లో విడుదలయింది. ఏది చూడాలో, ఏది వదిలేయాలో కోట్లమందికి నియమం రాసిచ్చిన మనిషే కడపట ఆ గీత తప్పారన్న మాట పడవలసి వచ్చింది.

1891లో పదవికి రాజీనామా చేశారు. మరుసటి ఏడు కుమారుణ్ణి పోగొట్టుకున్నారు. 1894 మార్చి 11న కన్నుమూశారు.

ఆయన చట్టం 152 ఏళ్ళు నడిచింది. 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ దాని స్థానంలోకి వచ్చింది. అయినా పైన చెప్పిన నియమాలు చాలావరకు అందులోనూ ఉన్నాయి. మనం ఏనాడో రాసిన ఒక పుట్టిన తేదీ, ఒక సర్వీసు ఎంట్రీ ఈనాటికీ ఎవరో ఒకరి పక్షాన సాక్ష్యం చెబుతూనే ఉంటుంది. మన పిల్లలలో ఇప్పుడు అదే పని చేస్తున్నవారికి ఈ మాట చెప్పడం మంచిది.