సూర్యుని శోధించి పత్రికను నిలిపిన లాకియర్

మహనీయుల చరిత్రలు చదువునపుడు వారి విజయములనే లెక్కించుట మనకు అలవాటు. తాను మిక్కిలిగా నమ్మిన విషయమొకటి నిలువకపోయినను, లోకమునకు చిరకాలము నిలుచు మేలు చేసినవారును కలరు. అట్టివారిలో సర్ నార్మన్ లాకియర్ ఒకడు. సుప్రసిద్ధమగు ‘నేచర్’ అను శాస్త్రపత్రికను స్థాపించినది ఈయనయే. ఆయన జీవితమునకు మన దేశముతోను, తెలుగునాటితోను గల సంబంధము మన విద్యార్థులలో పెక్కుమందికి తెలియదు. కావున ఆ చరిత్రను సంగ్రహముగ చెప్పదలచితిమి.

జోసెఫ్ నార్మన్ లాకియర్ 1836వ సంవత్సరము మే 17వ తేదీన ఇంగ్లండులోని రగ్బీ పట్టణమున జన్మించెను. ఆయన తండ్రి వైద్యుడు. లాకియర్ విశ్వవిద్యాలయములో చదివి పట్టము పొందినవాడు కాడు. 1857లో లండనులోని యుద్ధశాఖ కచేరీలో గుమాస్తాగా ప్రవేశించెను. పగలెల్ల దస్త్రములు వ్రాయుట, రాత్రి తన తోటలోని దూరదర్శినితో ఆకాశమును చూచుట, ఇది ఆయన దినచర్య. ఉద్యోగము జీవనాధారము కాగా, సూర్యుడు జీవితాశయమయ్యెను.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము మన దేశము మీదుగా సాగెను. దానిని పరిశీలించుటకై ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరునకు వచ్చెను. సూర్యబింబపు అంచున ఎగయు ఎఱ్ఱని జ్వాలలు మండు వాయువులని ఆయన గ్రహించి, మరునాడు గ్రహణము లేకయే వానిని చూడగలిగెను. ఇట్లు చూడవచ్చునని లాకియర్ రెండేండ్లకు పూర్వమే తలపోసెను గాని, వెలుగును రంగులుగా విడదీసి చూపు పరికరము ఆయన చేతికి వచ్చుట ఆలస్యమయ్యెను. అది వచ్చిన పిదప అక్టోబరు 20న ఇంగ్లండులో ఆయనయు కృతార్థుడయ్యెను. ఇరువురి వార్తలును పారిస్ శాస్త్రపరిషత్తునకు ఒకే దినమున చేరెను. ముందెవరు, వెనుకెవరు అను తగవు లేకుండ ఫ్రెంచి ప్రభుత్వము ఇరువురి ముఖములును గల పతకమును 1872లో చేయించెను.

ఆ జ్వాలల వెలుగులో ఒక పసుపుపచ్చని గీత కానవచ్చెను. అది భూమిపై నెఱిగిన ఏ మూలకమునకును చెందినది కాదని లాకియర్ తలచెను. సూర్యునకు గ్రీకు భాషలోని పేరును బట్టి ఆ క్రొత్త మూలకమునకు హీలియమను పేరు వచ్చెను. పలువురు విశ్వసింపలేదు. 1895లో రామ్సే పండితుడు ఒక ఖనిజమునుండి ఆ వాయువునే వెలికి తీయువరకు, అనగా 27 సంవత్సరములు, లాకియర్ ఓపికతో వేచియుండవలసి వచ్చెను.

ఇక పత్రిక సంగతి. ఆనాడు శాస్త్రజ్ఞుల పరిశోధనలు పండితసభల సంపుటములలో నెలల తరబడి ఆలస్యముగ వెలువడుచుండెను. సామాన్యులకు అవి అందుట దుర్లభము. లాకియర్ అంతకుముందు ‘రీడర్’ అను వారపత్రికలో శాస్త్రవిభాగమును నడపెను. అది కొలది యేండ్లకే మూతపడెను. ఆయన నిరుత్సాహపడక, మాక్మిలన్ అను ప్రచురణకర్తను ఒప్పించి, 1869 నవంబరు 4న ‘నేచర్’ తొలి సంచికను వెలువరించెను. అప్పటికాయన వయస్సు 33 సంవత్సరములు. శాస్త్రఫలితములను ప్రజల ముందుంచుట, శాస్త్రజ్ఞులు పరస్పరము శీఘ్రముగ తెలుపుకొని చర్చించుకొను వీలు కల్పించుట, ఈ రెండును దాని ఆశయములు. సుమారు ముప్పదియేండ్లు ఆ పత్రిక నష్టముతోనే నడచెను. ప్రచురణకర్త భరించెను, సంపాదకుడు విడువలేదు. 1919 వరకు, ఏబది సంవత్సరములు, లాకియరే దానికి సంపాదకుడు. 1928లో మన చంద్రశేఖర వేంకటరామన్ గారు తమ నూతన కాంతిఫలితమును గూర్చిన వార్తను లోకమునకు తెలిపినదియు ఆ పత్రిక ద్వారానే.

గ్రహణములను చూచుటకు లాకియర్ మన దేశమునకు వచ్చెను. 1871 డిసెంబరులో నేటి కేరళలోని బేకల్ కోటనుండియు, 1898 జనవరిలో నేటి మహారాష్ట్రలోని విజయదుర్గమునుండియు ఆయన సూర్యుని పరిశీలించెను. కాని ఆయన మనస్సును మన దేశమునకు మఱింత గట్టిగ కట్టినది కరువు.

మన పెద్దలు ధాత కరువని చెప్పుకొను 1876-78 నాటి క్షామములో మద్రాసు రాజధానియందు, మైసూరు సీమయందు లక్షలకొలది ప్రజలు మడిసిరి. బళ్లారి, కర్నూలు, కడప సీమలు మిక్కిలి దెబ్బతినెను. సూర్యునిపై నల్లమచ్చలు సుమారు 11 సంవత్సరముల కొకసారి పెరిగి తరుగుచుండును. మచ్చలు తరిగిన యేండ్లలో వర్షములును తగ్గునని లాకియర్, హంటర్ అనువారలు 1877లో ఒక వ్యాసమున ప్రతిపాదించిరి. అదియే నిజమైనచో కరువును ముందుగా ఎఱిగి ధాన్యము నిలువచేసి ప్రాణములను కాపాడవచ్చును గదా! కాని ఆ యేటనే స్ట్రేచీ అనునతడు మద్రాసు వర్షపు లెక్కలనే తీసికొని ఆ సంబంధము నిలువదని వాదించెను. తరువాతి పరిశోధనలును రుతుపవనములను మచ్చల లెక్కతో ముందుగా చెప్పజాలమని తేల్చెను.

అయినను ఆ శ్రమ వృథా కాలేదు. లాకియరును ఆయన కుమారుడును దేశదేశముల వాయుపీడనపు లెక్కలను పోల్చి, భారతదేశమున పీడనము హెచ్చినపుడు దక్షిణ అమెరికాలోని కార్డోబాయందు తగ్గుచుండుటను 1902లో గుర్తించిరి. మన దేశపు వాతావరణశాఖకు అధిపతిగా నుండిన గిల్బర్ట్ వాకర్ ఈ తక్కెడవంటి కదలికను విస్తరించి పరిశీలించెను. నేడు ఎల్‌నినో అని మనము వినుచున్న విషయము దానితో ముడివడినదే. మన వానల ముందుసూచనకు అది ముఖ్యమైన ఆధారము. వెదకినది దొరకలేదు; వెదకుచు పోయిన దారిలో వేఱొకటి దొరకెను.

లాకియర్ 1897లో సర్ బిరుదము నొందెను. ముసలితనమున డెవన్ సీమలో కొండపై ఒక పరిశోధనశాలను నిర్మించుకొని, 1920 ఆగస్టు 16న, 84వ యేట పరమపదించెను.

సూర్యుని తుఫానులు కృత్రిమోపగ్రహములను, విద్యుత్తు తీగలను బాధింపగలవని నేడు తెలిసినది. ఈ విషయమునకై యూరపు శాస్త్రజ్ఞులు 2011లో ప్రత్యేకముగ ఒక పత్రికను ప్రారంభించిరి. దానిని ఎవరైనను రుసుము లేకుండ చదువవచ్చును. 2023 సెప్టెంబరు 2న తెలుగునేలపైని శ్రీహరికోటనుండి ఆదిత్య ఎల్-1 సూర్యపరిశీలనకై బయలుదేరెను.

విద్యార్థులారా! లాకియర్ తాను నమ్మిన దానిని దాచక అచ్చువేయించెను. ఇతరులు దానిని లెక్కలతో ఖండింపగలిగిరి. అచ్చుకాని తలంపును ఖండించువారు లేరు, సవరించువారును లేరు. మీరు చూచినదానిని, తేదీతోను కొలతతోను, మన భాషలో వ్రాయుడు. తప్పైనచో దిద్దువారు దొరకుదురు. ఈ పత్రిక పుటలు అందులకే యున్నవి.