ట్యూరింగ్ పక్కన నిలబడ్డవాళ్ళు

సీఎస్ఈ వాళ్ళకి అలాన్ ట్యూరింగ్ అంటే ఆటోమాటా సబ్జెక్టులో చివరి యూనిట్. ఒక టేపు, దాని మీద అటూ ఇటూ కదిలే హెడ్, ఒక ట్రాన్సిషన్ టేబుల్. ఎగ్జామ్‌లో తప్పకుండా వస్తుందని సీనియర్లు చెప్పి పంపిస్తారు, రాసేసి మర్చిపోతాం. ఆ మెషిన్‌కి పేరిచ్చిన మనిషి గురించి నేను మొన్న వేసవి సెలవుల్లో కూర్చుని చదివాను. లెక్కల సంగతి పక్కన పెడితే, ఆయన్ని ఏడిపించినవాళ్ళ కంటే ఆయన పక్కన నిలబడ్డవాళ్ళే నాకు ఎక్కువ గుర్తుండిపోయారు. వాళ్ళ గురించి చెప్పాలనే ఇది రాస్తున్నా.

ముందు మనకి దగ్గరి విషయం ఒకటి. ట్యూరింగ్ వాళ్ళ నాన్న జూలియస్ మద్రాసు ప్రెసిడెన్సీలో ఐసీఎస్ ఆఫీసరు. బళ్ళారి, కర్నూలు, విశాఖపట్నం జిల్లాల్లో గుర్రమెక్కి ఊళ్ళు తిరుగుతూ పనిచేశాడు, తెలుగు కూడా నేర్చుకున్నాడు. పెళ్ళయ్యాక భార్యాభర్తలు పార్వతీపురం, అనంతపురం, బెజవాడ, చికాకోలు అంటూ బదిలీల మీద తిరిగారు. అలాన్ మాత్రం 1912 జూన్ 23న లండన్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు పిల్లల్ని ఇంగ్లండ్‌లో వేరే కుటుంబం దగ్గర వదిలి ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చేసేవాళ్ళు. అంటే మాటలు కూడా రాకముందే అతను ఒకరకంగా హాస్టలర్ అన్నమాట.

1926లో షెర్బోర్న్ అనే బోర్డింగ్ స్కూల్లో చేర్చారు. సమ్మె వల్ల రైళ్ళు ఆగిపోతే అరవై మైళ్ళకు పైగా సైకిల్ తొక్కుకుంటూ స్కూలుకి చేరాడు. పదమూడేళ్ళ పిల్లాడు! ఇలాంటివాడిని నెత్తిన పెట్టుకుంటారనుకుంటాం కదా. లేదు. మాట తడబడేది, బట్టల నిండా ఇంకు మరకలు, ఎవరితోనూ కలిసేవాడు కాదు. ఒకసారి తోటి కుర్రాళ్ళు చెక్క ఫ్లోరింగ్‌లో వదులుగా ఉన్న పలకలు లేపి, అతన్ని కింద పెట్టి మూసేశారు. హెడ్‌మాస్టర్‌కేమో సైన్స్ పిచ్చి ఉన్న కుర్రాడు ఇలాంటి స్కూల్లో ఉండటమే దండగ అనిపించింది.

ఇక్కడ ఒకటి గమనించాలి. అలాన్‌కి అబ్బాయిలంటే ఇష్టమని అప్పటికి ఆ కుర్రాళ్ళకి తెలీదు. తెలియాల్సిన అవసరం కూడా లేదు. కాస్త వేరుగా కనిపిస్తే చాలు. మన హాస్టల్స్‌లోనూ అంతేగా! నడక చూసో గొంతు విన్నాకో 'పాయింట్ ఫైవ్' అని పేరు పెట్టేస్తారు, నిజం ఎవరికీ అక్కర్లేదు. మా వింగ్‌లో ఒకడికి ఆ పేరు పడ్డాక మెస్‌లో వాడి టేబుల్ ఖాళీ అయిపోయింది. రెండు వారాల తర్వాత వాడి రూమ్మేట్ ప్లేటు పట్టుకెళ్ళి వాడి ఎదురుగా కూర్చుని, సాంబార్ బాలేదని మామూలుగా మాట్లాడటం మొదలుపెట్టాడు. అంతే చేశాడు. మర్నాటి నుంచి ఆ టేబుల్ దగ్గర మేం నలుగురం.

అలాన్‌కి అలా దొరికినవాడు క్రిస్టఫర్ మోర్కమ్. ఒక ఏడాది సీనియర్, చదువులో టాపర్. అతను అలాన్‌ని చూసి నవ్వలేదు. కెమిస్ట్రీ ప్రయోగాల గురించి, నక్షత్రాల గురించి సమానంగా కూర్చుని మాట్లాడాడు. అలాన్‌కి అది మొదటి ప్రేమ, తన వైపు నుంచి మాత్రమే. 1930 ఫిబ్రవరిలో టీబీ వల్ల క్రిస్టఫర్ చనిపోయాడు. వాడు చేయాల్సిన పని ఇక తను చేయాలనుకున్నాడు అలాన్. క్రిస్టఫర్ తల్లికి చాలా ఏళ్ళు ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు.

తర్వాత కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీ. అక్కడ మాక్స్ న్యూమన్ క్లాసులో విన్న ఒక ప్రశ్న నుంచే 1936 నాటి పేపర్, మన టేపూ హెడ్డూ పుట్టాయి. యుద్ధంలో బ్లెచ్లీ పార్క్‌లో జర్మన్ నేవీ ఎనిగ్మా సంకేతాలు ఛేదించే పని. అక్కడ సహోద్యోగి జోన్ క్లార్క్‌తో పెళ్ళి కుదిరాక, తను ఎలాంటివాడో ఆమెకి దాచకుండా చెప్పేశాడు. ఆమె అసహ్యించుకోలేదు. పెళ్ళి వద్దనుకున్నారు కానీ స్నేహం నిలిచింది. చెస్ ఛాంపియన్ హ్యూ అలెగ్జాండర్ కూడా ఆ టీమ్‌లోనే ఉన్నాడు.

1952 జనవరిలో మాంచెస్టర్ దగ్గర ఆయన ఇంట్లో దొంగతనం జరిగింది. తనే పోలీసులకి ఫిర్యాదు చేశాడు. విచారణలో ఒక యువకుడితో తనకున్న సంబంధం గురించి ఉన్నదున్నట్టు చెప్పాడు. 1885 నాటి చట్టం ప్రకారం అది నేరం. ఫిర్యాదు చేసిన ఈయన మీదే కేసు పెట్టారు.

మార్చి 31న నట్స్‌ఫర్డ్ కోర్టులో ఆయన కోసం ఇద్దరు సాక్ష్యం చెప్పారు. ఒకరు న్యూమన్, ఇంకొకరు అలెగ్జాండర్. ఆ రోజుల్లో ఇలాంటి కేసులో పేరు వినిపిస్తేనే పరువు పోయే పరిస్థితి. పైగా అలెగ్జాండర్ ప్రభుత్వ రహస్య విభాగంలో ఉద్యోగి, యుద్ధంలో ట్యూరింగ్ ఏం చేశాడో నోరు విప్పకూడదు. అయినా వచ్చి, ఈయన దేశానికి ఎంత విలువైనవాడో చెప్పాడు. ఇలాంటి మనిషిని మీ ఇంట్లోకి రానిస్తారా అని న్యూమన్‌ని అడిగారు. ఇప్పటికే వస్తుంటాడనీ, తనకీ తన భార్యకీ స్నేహితుడనీ ఆయన జవాబు. నిండు కోర్టులో! నాకు ఆ 1936 పేపర్ కంటే ఈ జవాబే గొప్పగా అనిపించింది, మీరేమైనా అనుకోండి.

శిక్ష తప్పలేదు. జైలుకి బదులు ఏడాది పాటు ఆడ హార్మోన్లు ఎక్కించారు, రొమ్ములు పెరిగాయి. రహస్య విభాగం తలుపులు మూసుకున్నాయి. యూనివర్సిటీ మాత్రం ఉద్యోగం తీయలేదు. ఆ ఏడాదే జంతువుల ఒంటి మీద చారలూ మచ్చలూ ఎలా ఏర్పడతాయో లెక్కల్లో చెప్పే పేపర్ అచ్చయింది. 1954 జూన్ 7న సైనైడ్‌తో చనిపోయాడు. వయసు 41. విచారణలో ఆత్మహత్య అని తేల్చారు.

2009లో ఒక ప్రోగ్రామర్ పిటిషన్ పెడితే వేలమంది సంతకాలు చేశారు, బ్రిటన్ ప్రధాని క్షమాపణ చెప్పాడు. 2013లో రాణి క్షమాభిక్ష వచ్చింది. మన దగ్గర ఇద్దరు పెద్దవాళ్ళ ఇష్టపూర్వక సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు చెప్పింది 2018 సెప్టెంబర్ 6న. అంతకు రెండేళ్ళ ముందే, 2016లో, యూజీసీ ర్యాగింగ్ రూల్స్‌లో ఒక సవరణ చేసింది. ఎవరినైనా వాళ్ళ లైంగికత వల్లో, ట్రాన్స్‌జెండర్ అనో వేధించడమే కాదు, వెలివేయడం కూడా ర్యాగింగే. ఫ్రెషర్‌కే కాదు, ఏ ఇయర్ వాళ్ళకైనా వర్తిస్తుంది. అడ్మిషన్ రోజు చదవకుండా సంతకం పెట్టిన యాంటీ ర్యాగింగ్ అఫిడవిట్ గుర్తుందా? 'పాయింట్ ఫైవ్' అనే పిలుపూ, మెస్‌లో ఖాళీ అయిన టేబులూ రెండూ దాని కిందికే వస్తాయి.