విశ్వేశ్వరయ్యగారు - గంధపుచెక్క, కట్టెబొగ్గు

బెంగళూరులో కాపురముంటున్న మన తెలుగు కుటుంబాలలో సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పేరు తెలియని ఇల్లు ఉండదు. వారి పూర్వులు ప్రకాశం ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం నుండి మైసూరు సీమకు తరలివచ్చినవారు. ఊరు విడిచినా ఊరిపేరు విడువలేదు, ఇంట్లో తెలుగు మాటా విడువలేదు. మనబోటి వలస వచ్చినవారికి ఈ ఒక్క సంగతి చాలును, ఆయన మనవాడని చెప్పుకొని మురిసిపోవడానికి.

ఆయన కట్టించిన ఆనకట్టలను గూర్చి ఎందరో వ్రాశారు, ఇకముందూ వ్రాస్తారు. మేము ఈ ఉగాదికి ఆయన కార్ఖానాలను గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచాము. దీనికొక కారణం లేకపోలేదు. ఈ కాలంలో పెద్ద పెద్ద కంపెనీలు ఏటేటా పచ్చని ఆకు బొమ్మ వేసిన పుస్తకాలు అచ్చు వేస్తున్నవి. నీరు ఇంత పొదుపు చేశాము, మొక్కలు ఇన్ని నాటాము అని అందులో ఉంటుంది. స్టాక్ మార్కెట్టులోని మొదటి వేయి కంపెనీలు ఇటువంటి నివేదిక ఇచ్చి తీరవలెనని 2022-23 నుండి సెబీ నిర్బంధం కూడ చేసింది. ప్రకృతి నుండి తీసుకున్నదెంత, తిరిగి పెట్టినదెంత, ఆ సంగతి జనానికి చెప్పినదెంత అన్నదే అక్కడి లెక్క. వందేళ్ళ క్రిందట మైసూరు సర్కారు తానే వ్యాపారిగా మారినప్పుడు, లెక్కలకు పేరుపడ్డ ఈ దివానుగారి చేతిలో ఆ పద్దు ఎట్లా ఉండెనో చూడవలెనని మా కోరిక.

ముందు ఆయన జీవితం కొద్దిగా. 1861 ప్రాంతంలో చిక్కబళ్ళాపురం దగ్గర ముద్దేనహళ్ళిలో పుట్టారు. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు, తల్లి వెంకటలక్ష్మమ్మగారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. మేనమామ రామయ్యగారి ఆదరువున బెంగళూరు చేరి, పిల్లలకు పాఠాలు చెప్పి నాలుగు రూపాయలు సంపాదించుకుంటూ సెంట్రల్ కాలేజీలో చదివారు. పూనాలో ఇంజనీరింగు ముగించి 1884లో బొంబాయి ప్రభుత్వపు కొలువులో చేరారు.

అక్కడ చేసిన పనులలో ఒకటి మాత్రం మా కథకు అవసరం. నీరా కాలువ క్రింది రైతులందరూ చెరకే వేయడం మొదలుపెట్టారు. చెరకు నీటిని త్రాగే పైరు. కాలువ తలకట్టున ఉన్నవారికి పంట, చివరనున్నవారికి దుమ్ము. తలకట్టువారి పొలాలు సైతం నీరు నిలిచి చెడిపోసాగినవి. విశ్వేశ్వరయ్యగారు భూమిని బ్లాకులుగా విభజించి, పంటలను వంతులవారీగా మార్చుతూ, ఏ బ్లాకుకు ఎంత నీరో ముందే నిర్ణయించారు. రైతులు మొదట ఇష్టపడలేదు. హుకుం జారీచేసి ఊరుకోక, వారిని సమావేశపరచి కూర్చోబెట్టి లెక్క వివరించారు. ఉన్నదానిని పంచుకుని వాడుకోవడం, పంచుతున్నట్లు నలుగురికీ తెలిసేలా చెప్పడం - ఈ రెండింటినీ ఆయన కార్ఖానాల కంటె ముందు కాలువ గట్టు మీద నేర్చుకున్నారని మా అభిప్రాయం.

1908 మూసీ వరదల పిమ్మట నిజాం ప్రభుత్వం పిలిస్తే హైదరాబాదుకు వెళ్ళి వరద నివారణ పథకం వేసి ఇచ్చారు. 1909లో మైసూరు చీఫ్ ఇంజనీరు, 1912 నవంబరులో దివాను. కృష్ణరాజసాగరం, మైసూరు బ్యాంకు, విశ్వవిద్యాలయం అందరెరిగినవే కనుక వదలివేస్తున్నాము.

ఇక గంధపుచెక్క. మైసూరు రాజ్యంలో గంధపుచెట్టు టిప్పు నాటి నుండి రాచసొత్తు. ఎవరి పొలంలో మొలచినా చెట్టు సర్కారుదే. సర్కారు ఏటా చెక్కను వేలం వేసేది. కొన్నదానిలో చాలభాగం జర్మనీకి పోయేది. అక్కడ నూనె తీసి అమ్ముకునేవారు. చెట్టు మనది, లాభం పరులది. 1914లో యుద్ధం రాగానే ఆ దారి మూతబడింది. చెక్క గోదాములలో పేరుకుపోయింది. ఖజానాకు వచ్చే పెద్ద ఆదాయం నిలిచిపోయింది.

మరొక దివానైతే యుద్ధం ముగిసేదాకా ఎదురుచూచి ఉండేవాడేమో. అప్పుడు పరిశ్రమల శాఖకు ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అధికారి. మనం నేటికీ టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలుచుకునే సైన్సు సంస్థలో సడ్‌బరో, వాట్సన్ అనే ఆచార్యులు చెక్క నుండి నూనె తీసే పద్ధతిని పరీక్షించి కుదిర్చారు. 1916లో బెంగళూరులోనే నూనె కార్ఖానా మొదలైనది. ఆ వెనుక మైసూరులో మరొకటి. గంధపుచెట్టును నరకరు, వేళ్ళతో పెకలిస్తారు. నూనె వేరులోనే మిక్కుటం. వేరు, ముక్క, పొట్టు సమస్తం బట్టీలోకి పోతుంది. పారవేసేది తక్కువ.

నూనె నుండి సబ్బు పుట్టింది. టాటా ఇన్‌స్టిట్యూట్‌లో చదివిన సోసలె గరళపురి శాస్త్రిగారిని సబ్బు విద్య నేర్చుకొమ్మని ఇంగ్లండు పంపారు. 1918లో కబ్బన్ పార్కు సమీపంలో ప్రభుత్వ సబ్బు కార్ఖానా వెలసింది. అమ్మడంలోనూ ఆ శాస్త్రిగారు గట్టివాడు. సింహపు ఒళ్ళు, ఏనుగు తల గల శరభాన్ని గుర్తుగా పెట్టి, నగల పెట్టెవంటి అట్టపెట్టెలో సబ్బును అమర్చారు. కరాచీ వీధులలో ఒంటెల మీద ఈ సబ్బును ఊరేగించి ప్రచారం చేశారని చెబుతారు. అసలైన గంధపునూనెతో చేసినదన్నది వారి ప్రకటనలన్నిటికీ ప్రాణం. ఆ మాటలో అబద్ధం లేదు. మా ఇండ్లలో పెళ్ళిళ్ళకు వచ్చే చుట్టాలు తిరుగు ప్రయాణంలో ఈ సబ్బుపెట్టెలు మూటగట్టుకొని పోవడం నేటికీ చూస్తున్నదే.

కాని పెట్టె మీద వ్రాయని సంగతి ఒకటి ఉన్నది. గంధపుచెట్టు ప్రక్కనున్న చెట్ల వేళ్ళ నుండి కొంత ఆహారం తీసుకొని బ్రతికే చెట్టు. ఒంటరిగా పెరగదు. చేవ పట్టడానికి పది పదిహేనేళ్ళు, కోతకు రావడానికి ముప్పయి ఏళ్ళు కావలెను. 1899లో కొడగులో బయటపడిన స్పైకు తెగులు వేలాది చెట్లను ఎండబెట్టింది. వీటన్నిటికంటె పెద్ద తెగులు ఆ పాత రాచహక్కే. పొలంలో మొలచిన మొక్క తనది కాదు. అది దొంగల పాలైతే జవాబు చెప్పుకోవలసినవాడు మాత్రం తానే. ఇటువంటప్పుడు ఏ రైతు దానిని పెరగనిస్తాడు? మొలకలోనే పీకివేశాడు. దివానుగారు చెక్క విలువ పెంచారు. చెట్టును పెంచే రైతు విలువ పెంచలేదు. నీరా రైతులతో కూర్చొని మాట్లాడిన మనిషే ఇక్కడ రైతును లెక్కలోకి తీసుకోకపోవడం మాకు ఆశ్చర్యంగానే ఉన్నది. ఆ చట్టం మారడానికి 2001 దాకా పట్టింది. ఈలోగా 1998లో గంధపుచెట్టు ప్రమాదంలో ఉన్న జాతుల ప్రపంచ జాబితాకు ఎక్కింది. వీరప్పన్ కథ చెప్పనక్కరలేదు. నేడు ఆ సబ్బు కంపెనీయే రైతులకు గంధపు మొక్కలిచ్చి పెంచమని ప్రోత్సహిస్తున్నది. చెక్క దొరకకపోతే పెట్టె మీది మాట నిలబడదు గదా!

రెండవది భద్రావతి. బీరూరు - శివమొగ్గ రైలుమార్గంలోని ఈ ఊరి పూర్వపు పేరు బెంకిపురం. కన్నడంలో బెంకి అంటే నిప్పు. ఇనుప కొలుము పెట్టడానికి అంతకంటె తగిన పేరు ఏముంటుంది! బాబాబుడన్ కొండలలో మంచి ఇనుపరాయి ఉన్నది. మైసూరులో రాక్షసిబొగ్గు లేదు. అందువల్ల మలెనాడు అడవులలోని కట్టెను బొగ్గుగా కాల్చి ఇనుము తీయవలెనని 1918లో పని మొదలుపెట్టారు.

మామూలుగా బొగ్గు కాల్చేవాడు కట్టెను మట్టిలో కప్పి కాలిస్తే పొగ అంతా గాలిలో కలిసిపోతుంది. భద్రావతిలో మూసిన ఇనుప బట్టీలలో కట్టెను కాల్చి, ఆ పొగను చల్లార్చి, దాని నుండి కట్టె సారాయి, తారు, సున్నపు అసిటేటు అనే రసాయనం తీశారు. పోయే పొగకు కూడ ధర కట్టిన పని ఇది. కంపెనీల పుస్తకాలలో నేడు దీనిని గొప్ప క్రొత్త సంగతివలె వ్రాస్తారు.

అయితే కట్టె మాటేమిటి? కొలుము రోజుకు సుమారు 60 టన్నుల ఇనుముకు ఏర్పాటైనది. టన్ను ఇనుముకు దాదాపు టన్ను బొగ్గు, టన్ను బొగ్గుకు మూడు నాలుగు టన్నుల కట్టె. అనగా రోజుకు ఇన్నూరు టన్నుల కట్టె! గూడ్సు లెక్కలతో తలపండుతున్న మాబోటివారికి వెంటనే కంటికి కట్టేది వాగన్లే: పాత నాలుగు చక్రాల వాగన్లు రోజుకు పది, సంవత్సరంలో ఒక్క రోజు విరామం లేక. అడవి మళ్ళీ పెరుగుతుందన్నది నిజమే, కాని కొలుముకున్న తొందర అడవికి లేదు. 1950 దాటిన తరువాత జోగ్ విద్యుత్తుతో నడిచే కొలుములు వచ్చి మలెనాడుకు కొంత ఊరట కలిగించినవి.

కొలుము రాజుకొన్నది 1923 జనవరిలో. అప్పటికే యుద్ధకాలపు ధరలు పడిపోయి, ఇనుము అమ్మినకొద్దీ నష్టం. విశ్వేశ్వరయ్యగారు వెనుకబడిన కులాలకు ఉద్యోగాలిచ్చే విషయంలో మహారాజావారితో అభిప్రాయభేదం వచ్చి 1918లోనే దివానుగిరీ వదలుకున్నారు. ఆ పట్టింపు సరైనదని మేము అనలేము. కాని కార్ఖానా మునుగుతున్నదని పిలువగానే అభిమానం పెట్టుకోక వచ్చి, 1923 నుండి 1929 వరకు బోర్డుకు అధ్యక్షత వహించారు. అధిక జీతాల విదేశీయుల స్థానంలో మనవారికి పని నేర్పి నిలిపారు, వృథాను ఊడ్చివేశారు. నష్టాలకు నిలయమని పత్రికలకెక్కిన కార్ఖానా తన కాళ్ళపై నిలబడింది. సర్కారు క్రొవ్వొత్తి ఆర్పివేసి సొంత క్రొవ్వొత్తి వెలిగించుకునేవారన్న కథ పిల్లలందరికీ తెలుసు. దానిని ఎవరైనా కల్పించారేమో అన్నవారున్నారు. భద్రావతి సంగతి కథ కాదు. ఆ సంవత్సరాలకు తనకు రావలసిన ప్రతిఫలం లక్ష రూపాయలకు మించినదానిని తాను ముట్టలేదు. బెంగళూరులో యువకులకు చేతిపనులు నేర్పే సంస్థకు ఇప్పించారు. 1943లో అది ప్రారంభమైనప్పుడు తన పేరు పెట్టనివ్వక జయచామరాజేంద్ర మహారాజావారి పేరు పెట్టించారు.

1955లో భారతరత్న బిరుదు, నూరేళ్ళ ఆయుష్షు చూచి, 1962 ఏప్రిల్‌లో బెంగళూరులో కన్నుమూశారు. అంత్యక్రియలు ముద్దేనహళ్ళిలో జరిగినవి. ఆయన పుట్టిన ఇల్లు, స్మారకం అక్కడ ఉన్నవి. పిల్లలను తీసుకొని పోదలచినవారు యలహంక మీదుగా చిక్కబళ్ళాపురం పోయే రైలెక్కవలెను. అక్కడ నుండి ముద్దేనహళ్ళి ఏడు కిలోమీటర్ల దూరం. త్రోవలో నంది హాల్టు అనే పాత చిన్న స్టేషను వస్తుంది, కిటికీ ప్రక్కన కూర్చోండి.