పికప్ లేని కారు, కోయంబత్తూరు నాయుడు గారు

సంక్రాంతి సెలవులకి బంటుమిల్లి వెళ్ళేసరికి నాన్న కారు మొండికేసి ఉంది. బందరుకీ గుడివాడకీ కిరాయిలకి తిరిగే డీజిల్ బండి అది. మా ఇల్లు నడిచేది దాని మీదే. స్టార్ట్ బాగానే అవుతుంది. జనం ఎక్కాక ఎక్సలేటర్ తొక్కితే మాత్రం పికప్ రాదు, వెనకాల నల్ల పొగ.

నేను సీఎస్ఈ కదా! ఆన్‌లైన్‌లో కొన్న ఓబీడీ స్కానర్ తగిలించా. పి0299 అని కోడ్ వచ్చింది. టర్బో నుంచి రావాల్సినంత గాలి ఒత్తిడి రావట్లేదని దానర్థం. ఇంకేం, టర్బో పోయిందని తేల్చేశా. కొత్తదాని ధర విన్నాక నాన్న ఆ రాత్రి సరిగ్గా అన్నం తినలేదు.

పొద్దున్నే మెకానిక్ బాబాయ్ వచ్చాడు. స్కానర్ వంక కూడా చూడలేదు. నన్ను ఎక్సలేటర్ తొక్కమని, తను బానెట్ దగ్గర చెవి పెట్టాడు. బుస్సుమని శబ్దం. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి వెళ్ళే రబ్బరు గొట్టం అడుగున చీలింది. గాలి దారిలోనే పోతోంది. గాలి చాలక డీజిల్ పూర్తిగా కాలట్లేదు, అందుకే పొగ. కోడ్ అబద్ధం చెప్పలేదు. ఒత్తిడి లేదంది, అంతే. ఎందుకు లేదో నేనే కల్పించుకున్నా.

చేతులు తుడుచుకుంటూ బాబాయ్ జి.డి.నాయుడు గారి పేరెత్తాడు. నేనెప్పుడూ వినలేదు. ఆయన తెలుగాయనే అని తెలిసి ఇంకా సిగ్గేసింది. మిగతా సెలవులన్నీ ఆయన గురించి చదవడంతోనే గడిచాయి.

పూర్తి పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. తమిళనాడులో స్థిరపడిన తెలుగు రైతు కుటుంబం. బడి చదువు ఒంటబట్టలేదు. ఒకరోజు ఒక తెల్లదొర రడ్జ్ మోటారు సైకిల్ మీద వాళ్ళ ఊరొచ్చాడు. ఎద్దూ గుర్రమూ లేకుండా అదెలా పరిగెడుతోందన్న ప్రశ్న ఈ కుర్రాణ్ణి పట్టుకుని వదల్లేదు. కోయంబత్తూరు వెళ్ళి హోటల్లో సర్వర్‌గా చేరి, డబ్బు కూడబెట్టి, ఆ బండే కొన్నారు. మూడొందలకి కొన్నారంటారు. కొన్నాక దాని మీద షికారు తిరగడంతో ఆగలేదు, పార్టు పార్టుగా విప్పారు.

ఇక్కడ నేను చదవడం ఆపి కాసేపు ఆలోచిస్తూ కూర్చున్నా. ఆ బండికి సెన్సార్లు లేవు, కోడ్‌లు లేవు. యూట్యూబ్ సంగతి సరేసరి. అప్పటి పెట్రోలు ఇంజిన్ లాగకపోతే నాలుగు చూసుకోవాలి. కార్బ్యురేటర్ నుంచి పెట్రోలు అందుతోందా, దానికి తగ్గ గాలి కలుస్తోందా, స్పార్క్ సమయానికి పడుతోందా, సిలిండర్‌లో కంప్రెషన్ నిలుస్తోందా. జెట్‌లో ఇసుక రేణువంత మురికి అడ్డుపడినా త్రాటిల్ తిప్పగానే ఇంజిన్ దగ్గుతుంది. వాల్వు సరిగ్గా మూసుకోకపోతే బలమే ఉండదు. రోగం ఎక్కడున్నా బయటికి కనిపించేది ఒకటే, బండి లాగదు. ఎక్కడుందో విప్పి చూస్తేనే తెలిసేది. ఆయన మెకానిక్ అయింది అలాగే.

మధ్యలో పత్తి వ్యాపారంలో దిగి చేతులు కాల్చుకున్నారు. తర్వాత కోయంబత్తూరులో వ్యాపారం చేసే రాబర్ట్ స్టేన్స్ అనే దొర సాయంతో ఒక బస్సు కొని, 1920లో పొల్లాచి, పళని మధ్య తిప్పడం మొదలుపెట్టారు. డ్రైవరూ ఆయనే. ఆ ఒక్క బస్సు పెరిగి పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది. బస్సు దారిలో ఆగితే ఆ రోజు కలెక్షన్ పోయినట్టే (మా నాన్ననడగండి), అందుకే రిపేర్లకి సొంత వర్క్‌షాపు. 1937లో ఇక్కడే తయారైన ఎలక్ట్రిక్ మోటారు వెనక ఆయనా, డి.బాలసుందరం నాయుడు గారూ ఉన్నారు. షేవింగ్ రేజర్, పళ్ళరసం తీసే మిషను, కిరసనాయిలుతో తిరిగే ఫ్యాను... చెయ్యి పెట్టని వస్తువు లేదు.

నాకు బాగా బాధేసింది 1952 సంగతి. రెండు సీట్ల పెట్రోలు కారు తయారుచేశారు. ధర రెండు వేలు! ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు, అక్కడితో ఆగిపోయింది. అది రోడ్డెక్కి ఉంటే మా తాతయ్య కూడా కారు కొనేవాడేమో.

మన కాలేజీ వాళ్ళకి నచ్చే విషయం ఇంకోటుంది. 1945లో ఆర్థర్ హోప్ పేరుతో కోయంబత్తూరులో ఇంజినీరింగ్ కాలేజీ పెట్టించారు. ఇప్పటి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ అదే. ప్రిన్సిపాల్‌గా ఆయన వాదన ఏంటంటే, నాలుగేళ్ళ కోర్సు టైమ్ వేస్ట్, రెండేళ్ళు చాలు. సర్కారు ఒప్పుకోలేదు, ఆయన రాజీనామా చేశారు. ఆ లెక్కన నా ఇంజినీరింగ్ ఈ మే నెలకే అయిపోవాలి. గొట్టం చీలితే టర్బో పోయిందన్నవాడికి డిగ్రీ ఇవ్వొచ్చా అన్నది వేరే సంగతి. కానీ ఆ రెండేళ్ళూ ఆయన వర్క్‌షాపులో గడిపుంటే అలా అనేవాణ్ణి కాదేమో కూడా.

1974 జనవరి 4న నాయుడు గారు పోయారు. కోయంబత్తూరులో ఆయన కుటుంబం వాళ్ళ కార్ల మ్యూజియం ఉంది, వేసవిలో వెళ్ళాలి. నాన్న కొత్త గొట్టం వేయించుకుని కనుమ మర్నాడు గుడివాడ కిరాయికి వెళ్ళాడు, ఐదుగురితో. చీలిన గొట్టాన్ని నేను హాస్టల్‌కి తెచ్చుకున్నా. డీజిల్ కంపు కొడుతోందని రూమ్మేట్ రోజూ గొడవ.