కాశీ దారి రాసిపెట్టిన ద్విభాషి

దక్షిణ ధ్రువానికి మొదట ఎవరు చేరారంటే మన పిల్లలు అముండ్‌సేన్ అని తడుముకోకుండా చెబుతారు. మంచిదే. 1911లో ఆయన్ను అక్కడికి చేర్చింది ఒట్టి ధైర్యం కాదు. లాగే కుక్కలు, దారిలో ముందే దాచిన తిండి, తప్పని లెక్క కూడాను. అంతకు 80 ఏళ్ల ముందు అలాంటి లెక్కతోనే మన తెలుగాయన ఒకరు సగం దేశం చుట్టి వచ్చారు. ఆయనే ఏనుగుల వీరాస్వామయ్య గారు.

సుమారు 1780లో చెన్నపట్టణంలో పుట్టారు. తొమ్మిదేళ్లకే తండ్రి పోయారు. పన్నెండో ఏట బోర్డ్ ఆఫ్ ట్రేడ్ కచేరీలో వాలంటీరుగా చేరి పని నేర్చుకున్నారు. మెల్లగా పైకొచ్చి మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రెటర్ అయ్యారు. ఒకరి మాటను ఇంకొకరికి తేడా రాకుండా చేర్చే కొలువు అది. గుమాస్తాగిరీలో తల నెరిసిన మాకు ఆ బరువు కొంత తెలుసు.

1830 మే 18న సెలవు మీద కాశీకి బయలుదేరారు. వెంట సుమారు 100 మంది. రైలు లేదు. మనం మాలూరులో రైలెక్కి పూటలో మద్రాసులో దిగుతాం. ఆయన బోయీలు మోసే పల్లకీలో, డేరాలు వెంటబెట్టుకుని తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్‌పూరు మీదుగా ప్రయాగ చేరారు. తర్వాత కాశీ, గయ, పాట్నా, కలకత్తా. తిరుగుదారి పూరీ, గంజాం, విశాఖపట్నం, రాజమండ్రి, నెల్లూరు. 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు.

ప్రతి మజిలీలో ఆయన చూసినవి మనలాంటివారికి కావలసినవే. దారి ఎలాంటిది, నీళ్లు మంచివా, అంగళ్లున్నాయా, దిగడానికి చోటుందా. అంతమందిని నడిపించేవాడికి అవే ముఖ్యం. ఊళ్ల ఆచారాలు, పాలన తీరు కూడా రాశారు. ఇంగ్లీషువారి పాలనను మరీ ఎక్కువ మెచ్చుకున్నారని మాకు అనిపిస్తుంది. వాళ్ల కొలువులో ఉన్నవాడు కదా, ఆ చూపు ఉండకపోదు.

ఇదంతా ఆయన తన స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె గారికి తెలియజేస్తూ వచ్చారు. కావ్యభాష పట్టుకోలేదు, ఇంట్లో మాట్లాడే తెలుగుకు దగ్గరగా రాశారు. అందులో హిందుస్తానీ, ఇంగ్లీషు, అరవ మాటలు ధారాళంగా దొర్లుతాయి. మన తెలుగులో కన్నడం కలిసిందని ఆంధ్రా చుట్టాలు నవ్వినప్పుడు మన పిల్లలు నోరు మూసుకుంటున్నారు. ఇంట్లో కూడా కన్నడానికే మళ్లుతున్నారు. వాళ్ల చేతికి ఈ పుస్తకం ఇవ్వాలని మా సంఘంలో అనుకుంటున్నాం. తెలుగు యాత్రా గ్రంథాల్లో ముందువరుసలో నిలిచిన పుస్తకం ఈ కలగలుపు మాటల్లోనే ఉంది.

అచ్చు చూడకుండానే 1836లో ఆయన కన్నుమూశారు. 1838లో పిళ్లె గారు కాశీయాత్ర చరిత్రను అచ్చు వేయించారు. మళ్లీ 1941లో బెజవాడ వకీలు దిగవల్లి వేంకట శివరావు గారు దాన్ని పరిష్కరించి వెలువరించారు. ఆ దారి మన మాలూరు మీదుగా పోలేదు. అయినా ఏటా తిరుపతికి పోయే మన ఇళ్లవాళ్లకు మొదటి పుటల్లోనే తెలిసిన కొండ కనబడుతుంది.