రైళ్ల పితామహుడు జార్జ్ స్టీఫెన్‌సన్

ఆళ్లగడ్డ నుంచి బస్సులో నంద్యాల వచ్చి రైలెక్కే మనలో చాలామందికి, ఆ రైలు వెనుక ఒక నిరుపేద కార్మికుని కష్టం ఉందని తెలియదు. ఆయనే జార్జ్ స్టీఫెన్‌సన్.

జార్జ్ 1781 జూన్ 9న ఇంగ్లండులోని వైలం గ్రామంలో జన్మించాడు. తండ్రి బొగ్గుగనిలో ఆవిరి యంత్రానికి బొగ్గు వేసే కూలీ. కుటుంబమంతా ఒకే గదిలో కాపురం. బడికి పంపే స్థోమత లేదు. జార్జ్ చిన్నప్పుడు ఆవులు కాశాడు, తర్వాత గనిలో పనికి చేరాడు. పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా ఆయనకు అక్షరం ముక్క రాదు. అప్పుడు పగలంతా పనిచేసి, తన కూలి డబ్బుతోనే ఫీజు కట్టి, రాత్రిబడిలో చదవడం, రాయడం, లెక్కలు నేర్చుకున్నాడు. 1806లో భార్య మరణించింది. తండ్రి పనిలో ప్రమాదం జరిగి చూపు పోగొట్టుకున్నాడు. జార్జ్ చెప్పులు కుట్టాడు, గడియారాలు బాగుచేశాడు, కొడుకు రాబర్టును మంచి బడిలో చదివించాడు. కొడుకు చదివిన పాఠాలను ఇంట్లో తానూ నేర్చుకున్నాడు.

రైలింజన్‌ను మొదట కనిపెట్టింది స్టీఫెన్‌సన్ అని చాలామంది అనుకుంటారు. కాని 1804లోనే ట్రెవితిక్ ఆవిరి ఇంజన్‌ను పట్టాల మీద నడిపాడు. దానిని రోజూ పనికివచ్చే బండిగా తీర్చిదిద్దినవాడు స్టీఫెన్‌సన్. 1814లో తన తొలి ఇంజన్‌ను చేశాడు. 1823లో కొడుకుతో, మరికొందరు భాగస్వాములతో కలిసి న్యూకాజిల్‌లో కర్మాగారం పెట్టాడు. రైలింజన్ల తయారీకోసమే పెట్టిన కర్మాగారాల్లో ప్రపంచంలో అదే మొదటిది. కరెంటు లేని ఆ రోజుల్లో కార్మికులు ఇనుప రేకులను వంచి, సుత్తులతో రివిట్లు కొట్టి బాయిలర్లు చేసేవారు. పత్రికల్లో ఫోటోలు కూడా లేని కాలం అది. మన ఆళ్లగడ్డ శిల్పులు రాయిని చెక్కినట్లు, అక్కడి కళాకారులు కొయ్యదిమ్మెల మీద బొమ్మలు చెక్కి అచ్చు వేసేవారు. 1842లో మొదలైన ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ వంటి పత్రికల ద్వారా రైలును చూడనివారు కూడా దాని రూపం తెలుసుకున్నారు.

ఆయనకు అవమానాలు తప్పలేదు. 1825లో లివర్‌పూల్–మాంచెస్టర్ రైలుమార్గం బిల్లుపై పార్లమెంటు కమిటీ ముందు నిలబడినప్పుడు, పెద్ద పెద్ద లాయర్లు ఆయన పల్లె యాసను ఎగతాళి చేశారు. సర్వే కొలతల్లో తప్పులు కూడా బయటపడ్డాయి. బిల్లు వీగిపోయింది. ఆయన వెనుదిరగలేదు. మరుసటి సంవత్సరం బిల్లు గెలిచింది. బురదనేల మీద కంప పరిచి, దానిపై పట్టాలు వేయించాడు. 1829 అక్టోబరులో రెయిన్‌హిల్ పోటీలో తండ్రీకొడుకుల 'రాకెట్' ఇంజన్ 500 పౌండ్ల బహుమతి గెలుచుకుంది. 1830 సెప్టెంబరు 15న ఆ మార్గం ప్రారంభమైంది.

ఒకప్పుడు సంతకం చేయడం రాని ఈ మనిషి, 1847లో బ్రిటన్ మెకానికల్ ఇంజనీర్ల సంస్థకు మొదటి అధ్యక్షుడయ్యాడు. 1848 ఆగస్టు 12న కన్నుమూశాడు. ఆ తర్వాత ఐదేళ్లకే, 1853 ఏప్రిల్ 16న, ఇంగ్లండులో తయారై ఓడలో వచ్చిన ఇంజన్లు బొంబాయి–ఠాణాల మధ్య మన దేశపు తొలి ప్రయాణికుల రైలును లాగాయి.

మిత్రులారా! మన సీమ యాసను చూసి, మన హాస్టల్ పేరు విని ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే కుంగిపోవద్దు. స్టీఫెన్‌సన్ పద్దెనిమిదేళ్లకు అక్షరాలు దిద్దాడు. మనకు పుస్తకాలున్నాయి, స్టడీ అవర్ ఉంది. వాటిని వృథా చేయకుండా ఉంటే చాలు.