రోగి మంచం పక్కనే పాఠం చెప్పిన గురువు: డాక్టర్ విలియం ఆస్లర్



డాక్టర్ కావాలనుకునే పిల్లలు మన ప్రతి క్లాసులోనూ ఉంటారు. బైపీసీ, నీట్, ర్యాంకు, సీటు... ఇంతవరకూ దారి మనందరికీ తెలుసు. సీటు వచ్చాక అక్కడ ఏం నేర్పుతారు, ఎలా నేర్పుతారు అన్నది మాత్రం ఇంట్లో పెద్దగా మాట్లాడుకోం. పెద్దాసుపత్రికి వెళ్లినప్పుడు ప్రొఫెసర్ వెనకాల తెల్లకోట్లు వేసుకున్న విద్యార్థులు మంచం మంచానికీ ఆగుతూ వెళ్లడం మీరు చూసే ఉంటారు. అమెరికా వైద్య కళాశాలల్లో ఈ పద్ధతి గట్టిగా నాటుకోవడానికి ముఖ్య కారకుడైన వ్యక్తి గురించి ఈ నెల తెలుసుకుందాం.

విలియం ఆస్లర్ 1849 జూలై 12న కెనడాలోని బాండ్ హెడ్ అనే చిన్న ఊరిలో పుట్టారు. తండ్రి చర్చి ఫాదరీ. తొమ్మిదిమంది పిల్లలున్న ఇల్లు. విలియం తెలివైనవాడే కానీ అల్లరిలో అందరికంటే ముందుండేవాడు. ఆ అల్లరి శ్రుతి మించడంతో డండాస్ ఊరి స్కూలు నుంచి ఆయనను పంపించేశారు. మన ఇంట్లో అలాంటిది జరిగితే ఎంత కుంగిపోతామో ఊహించుకోవచ్చు. తల్లిదండ్రులు మాత్రం చదువు మాన్పించలేదు, వేరే స్కూళ్లలో చేర్పించారు.

అలా 1866లో చేరిన స్కూలులో ఆయనకు మంచి గురువు దొరికారు. ఆ స్కూలు స్థాపించిన విలియం జాన్సన్ కూడా ఫాదరీయే, కానీ ప్రకృతి అంటే ప్రాణం. పిల్లల్ని వాగుల వెంట, గుట్టల వెంట తిప్పేవారు. చెరువు నీళ్లు తెచ్చి మైక్రోస్కోపులో చూపించేవారు. అల్లరి పిల్లవాడి చురుకుదనానికి అక్కడ పని దొరికింది. తండ్రిలాగే ఫాదరీ కావాలని 1867లో టొరంటోలో కాలేజీలో చేరిన ఆస్లర్, మరుసటి ఏడాదే దారి మార్చుకుని వైద్య విద్యలోకి వెళ్లారు. 1872లో మాంట్రియల్‌లోని మెగిల్ యూనివర్సిటీ నుంచి డాక్టర్ పట్టా అందుకున్నారు.

తర్వాత రెండేళ్లు లండన్, బెర్లిన్, వియన్నాల్లో నేర్చుకున్నారు. లండన్‌లో ఒక ల్యాబ్‌లో పనిచేస్తూ రక్తంలోని ప్లేట్‌లెట్లను గమనించి వర్ణించిన తొలి పరిశోధకుల్లో ఆయన ఒకరు. డెంగ్యూ రోజుల్లో ప్లేట్‌లెట్లు అనే మాట వినని ఇల్లు మన దగ్గర లేదు కదా!

25 ఏళ్లకే మెగిల్‌లో అధ్యాపకుడయ్యారు. మశూచి వార్డులో పనిచేసినందుకు వచ్చిన డబ్బుతో విద్యార్థుల కోసం మైక్రోస్కోపులు కొన్నారు. ఆ వార్డులో తనకూ మశూచి సోకింది కానీ తేలికగా బయటపడ్డారు. రోగి చనిపోతే పోస్టుమార్టం చేసి, బతికుండగా తాము అనుకున్న జబ్బు నిజమేనా అని సరిచూసుకునేవారు. అలా వందల కేసులు పరీక్షించారు.

1884లో అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీకి వెళ్లారు. మలేరియా రోగుల రక్తంలో పరాన్నజీవి ఉంటుందని ఫ్రెంచి డాక్టర్ లావెరాన్ చెబితే ఆస్లర్ మొదట నమ్మలేదు. అయితే నమ్మకం లేదని ఊరుకోలేదు. రోగుల రక్తం తీసి స్వయంగా మైక్రోస్కోపు కింద చూశారు, కళ్లకు కనిపించాక ఒప్పుకున్నారు. ఆ తర్వాత 1897లో మన సికింద్రాబాద్‌లోనే రోనాల్డ్ రాస్ అదే పరాన్నజీవిని దోమ పొట్టలో గుర్తించారు.

ఆస్లర్ జీవితంలో అసలు ఘట్టం బాల్టిమోర్‌లో మొదలైంది. జాన్స్ హాప్‌కిన్స్ అనే వ్యాపారి ఒక యూనివర్సిటీకి, ఒక ఆసుపత్రికి కలిపి 70 లక్షల డాలర్లు రాసిచ్చి కన్నుమూశారు. 1889లో ఆసుపత్రి తెరిచారు. ఆస్లర్ అక్కడ ప్రధాన వైద్యుడు. కానీ మెడికల్ స్కూల్ తెరవడానికి డబ్బు చాలలేదు. అప్పుడు మేరీ గారెట్ అనే మహిళ, ఆమె స్నేహితురాళ్లు ముందుకొచ్చి నిధులు సమకూర్చారు. దానికి రెండు ముఖ్యమైన షరతులు పెట్టారు. అబ్బాయిలతో సమానంగా అమ్మాయిలకూ సీట్లు ఇవ్వాలి. డిగ్రీ పూర్తి చేసినవారినే చేర్చుకోవాలి. 1893లో మొదటి బ్యాచ్‌లో 18 మంది చేరితే అందులో ముగ్గురు అమ్మాయిలు.

ఆ రోజుల్లో అమెరికాలోని చాలా వైద్య కళాశాలల్లో చదువంటే హాల్లో కూర్చుని లెక్చర్లు వినడమే. రోగిని సరిగా ముట్టుకోకుండానే పట్టా పుచ్చుకుని వైద్యం మొదలుపెట్టినవారు ఎందరో. దాని ఫలితం అనుభవించేది రోగే. ఆస్లర్ దీన్ని మార్చారు. మూడో ఏడాది విద్యార్థులు ఓపీలో రోగితో మాట్లాడి, పరీక్ష చేయడం నేర్చుకోవాలి. నాలుగో ఏడాదిలో ఒక్కొక్కరికీ వార్డులో కొందరు రోగులను అప్పగిస్తారు. జబ్బు ఎప్పుడు, ఎలా మొదలైందో అడిగి రాసుకోవాలి. రక్తం, మూత్రం పరీక్షలు తామే చేయాలి. రౌండ్లకు ప్రొఫెసర్ వచ్చినప్పుడు ఆ కేసు వివరించి, అడిగినదానికి జవాబు చెప్పాలి. పట్టా వచ్చాక కొందరు ఆసుపత్రిలోనే ఉంటూ ఏళ్ల తరబడి పై డాక్టర్ల పర్యవేక్షణలో పనిచేయాలి. ఈ రోజు మనం రెసిడెంట్ డాక్టర్ అంటున్న పద్ధతి అక్కడే ఒక రూపానికి వచ్చింది.

1892లో ఆయన రాసిన వైద్య గ్రంథం ఎన్నో ఏళ్లు పాఠ్యపుస్తకంగా నిలిచింది. అప్పట్లో వాడే చాలా మందులు పనిచేయవని అందులో నిజాయతీగా రాశారు. 1897లో రాక్‌ఫెల్లర్ సలహాదారు గేట్స్ దాన్ని చదివి, వైద్యానికి తెలియనిది ఇంత ఉందా అని ఆశ్చర్యపోయారు. 1901లో రాక్‌ఫెల్లర్ వైద్య పరిశోధన సంస్థ పుట్టడానికి ఆ చదువే ప్రేరణ.

విద్యార్థులను ఆయన ఇంటికి పిలిచేవారు. కొందరికి ఇంటి తాళంచెవే ఇచ్చి, తన పుస్తకాలు ఎప్పుడైనా చదువుకోమనేవారు. రోజూ పడుకునే ముందు అరగంట వైద్యం కాని పుస్తకం చదవమనడం ఆయన అలవాటు. ఆయన ఇచ్చిన జాబితాలో షేక్స్‌పియర్ ఉన్నాడు, డాన్ క్విక్సోట్ ఉంది. ఇంగ్లిష్ టీచర్‌గా నాకు ఈ సంగతి మరీ నచ్చింది!

ఆయనకూ మాట జారిన సందర్భం ఉంది. 1905లో బాల్టిమోర్ వదిలి వెళ్తూ ఇచ్చిన ప్రసంగంలో, అరవై దాటినవారి గురించి హాస్యంగా అన్న మాటను పత్రికలు నిజంగా తీసుకుని దుమ్మెత్తిపోశాయి. ఆ తర్వాత ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్‌గా చేరారు. 1911లో సర్ బిరుదు వచ్చింది.

మొదటి బిడ్డను పసికందుగానే పోగొట్టుకున్న ఆస్లర్ దంపతులకు మిగిలిన ఒక్కగానొక్క కొడుకు రెవెర్. ఇంగ్లిష్ సాహిత్యమంటే ఇష్టపడే ఆ అబ్బాయి 1917 ఆగస్టులో, 21 ఏళ్ల వయసులో యుద్ధంలో గాయపడి చనిపోయాడు. చివరి గంటల్లో పక్కనున్న సర్జన్లలో తండ్రి శిష్యుడు హార్వే కుషింగ్ కూడా ఉన్నారు. ఎందరికో వైద్యులను తయారుచేసి ఇచ్చిన తండ్రికి తన బిడ్డ దక్కలేదు. కొడుకు పుస్తకాలను జాన్స్ హాప్‌కిన్స్‌కు ఇచ్చి, విద్యార్థుల కోసం ఒక సాహిత్య క్లబ్ పెట్టించారు. 1919 డిసెంబర్ 29న, 70 ఏళ్ల వయసులో ఆక్స్‌ఫర్డ్‌లో కన్నుమూశారు. సుమారు 8 వేల పుస్తకాల ఆయన లైబ్రరీ మెగిల్‌కు చేరింది. ఆయన అస్థికలు కూడా ఆ పుస్తకాల మధ్యే ఉన్నాయి.

తల్లిదండ్రులుగా మనం ఈ కథ నుంచి తీసుకోదగ్గవి కొన్ని ఉన్నాయి. డాక్టర్ కావాలనే పిల్లల్ని మార్కులతో పాటు మరో రెండు విషయాల్లో గమనించండి. ఇంట్లో నాయనమ్మకు బాగాలేకపోతే దగ్గర కూర్చుని ఓపిగ్గా అడుగుతున్నారా? ఎవరో చెప్పినదాన్ని తామే చూసి తెలుసుకోవాలని ఉబలాటపడుతున్నారా? ఉంటే ఆ గుణాన్ని ప్రోత్సహించండి. లేకపోతే బలవంతం చేయకండి, వారి చురుకుదనం మరోచోట వికసించవచ్చు. ఇక రాత్రి పడుకునే ముందు అరగంట సిలబస్‌లో లేని పుస్తకం ఒకటి చదవనివ్వండి. వీలైతే మీరూ పక్కన కూర్చుని చదవండి.